ఎండల్లో పెరిగినవాళ్లకి ఇంగ్లండ్ ఫెల్ రేస్‌లో 27 డిగ్రీలు ఒక లెక్కా?

ప్రశ్న, క్లుప్తంగా: "రెండు రోడ్డు మారథాన్లు, ఏప్రిల్‌లో యార్క్‌షైర్ త్రీ పీక్స్ రేస్ పూర్తిచేశాను. జులైలో వాజ్‌డేల్ ఫెల్ రేస్‌కి ఎంట్రీ దొరికింది. ఎండలు బాగా ఉంటాయని క్లబ్బులో అందరూ టెన్షన్ పెడుతున్నారు. నేను 44 డిగ్రీల్లో క్రికెట్ ఆడుతూ పెరిగినవాణ్ని, 27 డిగ్రీలు నన్నేం చేస్తుంది? లీటరు నీళ్లు, ఉప్పు బిళ్లలు, రెండు ఐబుప్రోఫెన్ నొప్పి మాత్రలు పెట్టుకుంటే చాలదా? ఐదున్నర గంటల టార్గెట్ సరైనదేనా?"

ముందు సూటిగా చెప్పేస్తాను, వివరాలు తర్వాత. చిన్నప్పటి ఎండ మీకిప్పుడు అక్కరకు రాదు. ఐబుప్రోఫెన్ ఇంట్లో వదిలేయండి. ఐదున్నర గంటలన్న అంకె మరిచిపోండి. నీళ్లు ఎన్ని మోస్తారన్నదాని కంటే ఎక్కడెక్కడ నింపుకుంటారన్నది ముఖ్యం. వీటన్నిటి కంటే పెద్ద విషయం ఒకటుంది: మొదటి రెండు కొండలు మీకే సిగ్గేసేంత నెమ్మదిగా ఎక్కండి. ఎండలో ఈ రేస్ చేజారేది మొదటి గంటన్నరలోనే. ఆ సంగతి తెలిసేది మాత్రం నాలుగో గంటలో.

నేను పదహారేళ్లుగా వాయవ్య ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో పరిగెడుతున్నాను. వేగంగా కాదు, ఫలితాల జాబితాలో నా పేరు ఎప్పుడూ సగానికి కిందే. అక్కడి వాజ్‌డేల్ రేస్ ఐదుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు పూర్తిచేశాను. పూర్తికాని ఆ ఒక్కటి ఎండ వల్లే పోయింది. అచ్చం మీరన్న మాటే అనుకుంటూ వెళ్లాను ఆ రోజు.

ఈ రేస్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫెల్ అంటే ఉత్తర ఇంగ్లండ్‌లో చెట్టూ చేమా లేని ఎత్తైన కొండ. వాజ్‌డేల్ రేస్ సుమారు 21 మైళ్లు, ఎక్కేది మొత్తం 9,000 అడుగులు. ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ లెక్కలో ఇది 'ఏఎల్' తరగతి: ఏ అంటే కిలోమీటరుకి సగటున 50 మీటర్ల ఎక్కుడు తగ్గకూడదు, ఎల్ అంటే 20 కిలోమీటర్లు దాటాలి. దారిలో వరసగా విన్ రిగ్, సీటాలన్, పిల్లర్, గ్రేట్ గేబుల్ కొండలు, ఎస్క్ హాజ్ కనుమ, చివరికి ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన 978 మీటర్ల స్కాఫెల్ పైక్. దారి పొడవునా గుర్తులుండవు, ఎవరి మ్యాపు వాళ్లే చూసుకోవాలి. ఫెల్ రన్నర్ బిల్లీ బ్లాండ్ 1982లో దీన్ని 3 గంటల 25 నిమిషాల్లో పరిగెత్తాడు. మనలాంటివాళ్లం ఆ టైముకి గేబుల్ మీదకి చేరితే గొప్ప.

మీ చిన్నప్పటి ఎండ ఏమైంది?

వేడికి అలవాటు పడటం అంటే ఒంట్లో నిజంగా కొన్ని మార్పులు జరగడం. వేడిలో రోజూ కాస్త శ్రమపడితే 10 నుంచి 14 రోజుల్లో రక్తంలో నీటి భాగం (ప్లాస్మా) పెరుగుతుంది, చెమట త్వరగా మొదలై ఎక్కువగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది, అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. చల్లటి ఊళ్లోకి మారిపోయి వేడి తగలడం మానేస్తే, మూడు నాలుగు వారాల్లో ఇందులో చాలా భాగం పోతుంది. మీరు ఇంగ్లండ్ వచ్చి ఎన్నేళ్లయిందో రాయలేదు కానీ, ఒక్క చలికాలం గడిచినా చాలు, మీరూ మీ పక్కనున్న లాంకషైర్ కుర్రాడూ ఒకటే. మిగిలేది తాతలు నేతులు తాగిన సామెత.

ఒకటి మాత్రం మిగులుతుంది: బుద్ధి. ఎండలో టోపీ పెట్టుకోవాలని, నీడ చూస్తే ఆగాలని, మధ్యాహ్నం తొందరపడకూడదని మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆశ్చర్యం ఏంటంటే, రేస్ నంబరు గుండెకి గుచ్చుకోగానే మనం మొదట వదిలేసేది దాన్నే.

నా సంగతి చెబుతాను. అది నా రెండో వాజ్‌డేల్. పొద్దున్నే గాలి స్తంభించిపోయి ఉంది, సరస్సు అద్దంలా ఉంది. మొదలవగానే ఇల్‌గిల్ హెడ్ ఎక్కుడు. 500 మీటర్లకు పైగా నిట్టనిలువు గడ్డి, రెండు చేతులూ తొడల మీద ఆనించి వంగి నడవడమే. చుట్టూ తెల్లవాళ్లు ఎర్రగా కమిలిపోయి రొప్పుతుంటే నాకు లోపల సంబరం. 'ఇది నా వాతావరణం' అనుకున్నాను. మామూలుగా నాకంటే ముందుండే నలుగురిని దాటేశాను. విన్ రిగ్ నుంచి దిగి, గ్రీన్‌డేల్ దగ్గర రోడ్డు దాటి, సీటాలన్ కూడా అదే ఊపులో ఎక్కాను. పైన చెక్‌పాయింట్‌లో నంబర్లు రాసుకునే మార్షల్ నవ్వుతూ "బాగున్నావే" అన్నాడు. నిజంగానే బాగున్నాననుకున్నాను.

పిల్లర్‌కి అరగంట దూరంలో ఉండగా తేడా తెలిసింది. ఎండ మాడ్చేస్తోంది, నా చేతుల మీద మాత్రం రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చలి కాదు, జలదరింపు. మిఠాయి ముక్క నోట్లో వేసుకుంటే కరగడం లేదు, సుద్దముక్కలా నాలుక మీద అలాగే ఉంది. రెండు గుక్కల నీళ్లు తాగాను, అవి వెంటనే బయటికొచ్చేశాయి. పిల్లర్ మీద మార్షల్ నా నంబరు అడిగితే గుండె మీదకి వంగి చదివి చెప్పాల్సి వచ్చింది, అదీ రెండుసార్లు. ఆవిడ నన్ను ఓ నిమిషం కూర్చోబెట్టి, "బ్లాక్ సెయిల్ కనుమ దగ్గర ఎడమకి కాదు, కుడికి దిగు. అక్కణ్నుంచి మోజ్‌డేల్ మీదుగా లోయలో వాజ్‌డేల్ హెడ్ ఊరికి తిన్నగా దారి ఉంది" అంది. ఆ మాట అడ్వైజ్‌లా లేదు. నేను దిగిపోయాను. అప్పట్లో కోపం వచ్చింది కానీ, ఆవిడ మేలు మరిచిపోలేను.

27 డిగ్రీలు ఫెల్ మీద 27 ఎందుకు కాదు

పరిగెత్తేటప్పుడు మనం ఖర్చుపెట్టే శక్తిలో ముప్పాతిక వంతు వేడిగానే తేలుతుంది. అంటే పొయ్యి బయట లేదు, మన తొడల్లోనే ఉంది. రోడ్డు మారథాన్‌లో గంటకి 11, 12 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలి దానంతటదే తగులుతుంది, చెమట ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. సీటాలన్ ఎక్కుడులో మీ వేగం గంటకి 3 కిలోమీటర్లు, శ్రమ మాత్రం మారథాన్ కంటే ఎక్కువ. వేడి పూర్తిగా తయారవుతుంది, ఊడ్చుకుపోయే గాలి ఉండదు. చెమట ఆరితేనే చల్లదనం. కారి కిందపడిన చెమట వల్ల నీళ్లు పోవడం తప్ప లాభం లేదు.

పైగా వాతావరణ శాఖ చెప్పే 27 నీడలో కొలిచింది. ఫెల్ మీద నీడ ఉండదు. జులైలో కింది వాలుల్లో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క నడుం దాకా, కొన్నిచోట్ల తల దాకా పెరిగి ఉంటుంది. అందులోంచి ఎక్కడమంటే మూతపెట్టిన గిన్నెలో నడిచినట్టే. జోరీగలు అదనం.

మీకు ఉపయోగపడే విషయం ఒకటి: ఎత్తుకి పోయేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, పొడి ఎండ రోజుల్లో ఇంకాస్త ఎక్కువే. శిఖరాల మీద గాలి కూడా ఉంటుంది. కాబట్టి అందరూ భయపడే గేబుల్, స్కాఫెల్ పైక్ కంటే కింద గ్రీన్‌డేల్ నుంచి సీటాలన్ మొదటి సగం దాకా ఉన్న ముక్కే ఒంటిని ఎక్కువ ఉడికిస్తుంది. రేస్ వారంలో మామూలు ఫోర్‌కాస్ట్ కాకుండా కొండల ఫోర్‌కాస్ట్ చూడండి. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్లు లేక్ డిస్ట్రిక్ట్‌కి 750 మీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత, గాలి వేగం విడిగా ఇస్తారు. నేనైతే ఉష్ణోగ్రత కంటే ముందు గాలి చూస్తాను. గాలి ఉన్న 27, గాలి లేని 22 కంటే నయం.

ఎలా పరిగెత్తాలి

ఇల్‌గిల్ హెడ్ ఎక్కుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు. మీకు పల్స్ చూసుకునే వాచీ ఉంటే, చల్లటి రోజు ఎక్కుడులో ఉండేదాని కంటే పది తక్కువ దగ్గర కట్టేసుకోండి. ఎండలో గుండె ఎలాగూ దానంతటదే పైకి పాకుతుంది. మీ క్లబ్బువాళ్లు దాటిపోతారు. పోనివ్వండి. వాళ్లలో సగం మందిని పిల్లర్ దాటాక వచ్చే కిర్క్ ఫెల్ కింద మళ్లీ కలుస్తారు.

గ్రీన్‌డేల్ దగ్గర రెండు నిమిషాలు ఖర్చుపెట్టండి. ఇది నా ఖచ్చితమైన రూలు. వాగు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, టోపీ ముంచి, ముంజేతులు మోచేతుల దాకా నీళ్లలో పెట్టి ఇరవై లెక్కపెడతాను. బనియన్ తడుపుతాను. మెడ వెనక తడి గుడ్డ చుడతాను. ఇదంతా చేసి లేచేసరికి పదిహేను మంది దాటిపోయి ఉంటారు. సీటాలన్ మీదకి చేరేసరికి అందులో పది మంది మళ్లీ నా వెనకే.

సీటాలన్ నుంచి పిల్లర్ దాకా పొడవాటి ముక్క. చిన్న చిన్న ఊటలుంటాయి, ఎండాకాలం కొన్ని ఎండిపోతాయి. రేస్‌కి మూడు వారాల ముందు ఒక ఆదివారం ఈ ముక్క నడిచి, ఏ వాగులో నీళ్లు పారుతున్నాయో మ్యాపు మీద గుర్తుపెట్టుకోండి. దీనికి మించిన ప్రిపరేషన్ నాకు తెలీదు. పిల్లర్ నుంచి బ్లాక్ సెయిల్, కిర్క్ ఫెల్ పక్కగా బెక్ హెడ్, గేబుల్ ఎక్కుడు. గేబుల్ దిగి స్టై హెడ్ కనుమ చేరాక మళ్లీ నీళ్లకి ఢోకా లేదు. ఎస్క్ హాజ్ తర్వాత స్కాఫెల్ పైక్ దాకా అంతా బండలే, అక్కడ చుక్క నీరు దొరకదు, కాబట్టి ముందే నింపుకోండి. ఆ బండలు ఎండకి కాలి ఉంటాయి, అలసిన కాలు సరిగ్గా అక్కడే తప్పుతుంది. నిదానం.

దిగుళ్ల గురించి చాలామంది రాయని ముక్క ఒకటి. ఎండిపోయిన గడ్డి తడి గడ్డి కంటే జారుతుంది. వారం రోజులు వాన లేకపోతే నిట్టవాలులో పొడవాటి గడ్డి నున్నగా అద్దంలా తయారవుతుంది. ముళ్ల సోలు ఉన్న ఫెల్ షూస్ కూడా దాన్ని పట్టుకోలేవు. నేల గట్టిపడి పాదాలకి దెబ్బ తగులుతుంది, వేడికి పాదాలు ఉబ్బుతాయి. ఎప్పుడూ బిగుతుగా వేసుకునే జత కాకుండా, కాస్త మెత్తగా, వదులుగా ఉన్న జత వేసుకోండి.

నీళ్లు, ఉప్పు

"గంటకి ఎంత తాగాలి" అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. ఈ వారమే మీ లెక్క తేల్చుకోండి: ఎండగా ఉన్న రోజు బట్టల్లేకుండా బరువు చూసుకుని, గంటసేపు కొండ ఎక్కి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకోండి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగింది దానికి కలుపుకోవాలి. నాకు ఎండలో గంటకి 1.2 లీటర్లు పోతుంది. అంతా తిరిగి తాగడం నావల్ల కాదు, అవసరం కూడా లేదు. పరిగెడుతున్నప్పుడు పొట్ట అంత నీటిని తీసుకోదు, బలవంతం చేస్తే కక్కిస్తుంది. గంటకి అర లీటరు నుంచి 700 మిల్లీలీటర్ల మధ్య, దాహం వేసినప్పుడల్లా కొంచెం కొంచెంగా తాగుతాను. చివర్లో బరువు కొంత తగ్గితే గాభరా పడను.

అరలీటరు మెత్తటి సీసాలు రెండు చాలు. రెండూ ఎప్పుడూ నిండుగా ఉండక్కర్లేదు, నీళ్లు లేని ముక్కలకి ముందు మాత్రం నింపండి. నేను వాగు నీళ్లే తాగుతాను: ఎత్తులో, వేగంగా పారే చోట, గొర్రెలు మేసే వాలుకి ఎగువన. ఒకసారి అలా తాగి వంద అడుగులు పైకి వెళ్తే వాగులో చచ్చిన గొర్రె కనిపించింది. నాకేం కాలేదు గానీ, అప్పట్నుంచీ ఫిల్టర్ మూత ఉన్న సీసా మోస్తున్నాను.

ఎక్కువ తాగడం కూడా ప్రమాదమే. అసలు తాగకపోవడం కంటే ఇది మోసకారి. ఉప్పు పోతున్న ఒంట్లోకి లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు పోస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి, ముదిరితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకొస్తుంది. గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే చూడటానికి నీళ్లు తగ్గినవాడిలాగే ఉంటాడు. తేడా ఏంటంటే వేళ్లు ఉబ్బుతాయి, ఉంగరం, వాచీ పట్టీ బిగుస్తాయి, పొట్టలో నీళ్లు గలగలమంటుంటాయి. నెమ్మదిగా వెళ్లేవాళ్లకే ఇది ఎక్కువ. మా క్లబ్బులో ఒకావిడ ఇంకో పొడవాటి రేస్‌లో ప్రతి వాగు దగ్గరా బుద్ధిగా అర లీటరు తాగింది. ముగింపులో అందరూ ఆవిడకి ఇంకా నీళ్లు పట్టారు. ఆస్పత్రిలో గానీ అసలు సంగతి తేలలేదు.

మీ ఉప్పు బిళ్లలు తప్పేం కాదు. అయితే ఉప్పు వేసుకున్నాం కదా అని ఎక్కువ తాగితే అది కాపాడదు. చెమటలో లీటరుకి సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది, మనిషిని బట్టి బాగా మారుతుంది. ఆరాక బట్టల మీద తెల్లటి చారలు కట్టేవాళ్లయితే మీది ఎక్కువ. నేను బిళ్లల కంటే ఉప్పటి తిండి నమ్ముకుంటాను: ఉడికించి ఉప్పద్దిన చిన్న ఆలుగడ్డలు, ఉప్పు చిప్స్. నాలుగో గంటలో తీపి జెల్ చూస్తేనే కడుపులో తిప్పే టైముకి ఉప్పు ఆలుగడ్డ మాత్రం లోపలికి పోతుంది.

ఐబుప్రోఫెన్ వద్దన్నది ఎందుకంటే, ఎండలో నీళ్లు తగ్గిన ఒంట్లో మూత్రపిండాలకి రక్తం ముందే తక్కువగా వెళ్తుంది. ఆ మాత్ర దాన్ని ఇంకా తగ్గిస్తుంది. పైగా 9,000 అడుగుల దిగుడులో తొడ కండరాలు చితికి, అందులోని ప్రోటీన్ రక్తంలో కలుస్తుంది. అది వడకట్టాల్సిందీ ఆ మూత్రపిండాలే. రేస్ తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే ఇంట్లో కూర్చుని నీళ్లు తాగుతూ చూద్దాం అనుకోకండి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. నొప్పి భరించలేకపోతే ఆ రోజు రేస్ ఆపేయడమే మందు.

ఇప్పట్నుంచి రేస్ దాకా

ఇంగ్లండ్‌లో ఎండ కావాలన్నప్పుడు దొరకదు కదా. దీనికి చవకైన ఉపాయం బాత్‌టబ్. మామూలు పరుగు అవగానే, ఒళ్లు ఇంకా వేడిగా ఉండగానే, 40 డిగ్రీల నీళ్లలో మెడ దాకా మునిగి కూర్చోండి. మొదటి రోజు 15, 20 నిమిషాలు చాలు, మెల్లగా 40కి పెంచండి. అంతకు మించొద్దు. వరసగా ఆరు రోజులు చేస్తే తేడా తెలుస్తుందని పరిశోధనల్లోనూ తేలింది, నాకూ తెలిసింది. రేస్‌కి వారం పది రోజుల ముందు మొదలుపెట్టండి. రెండు జాగ్రత్తలు: ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి, లేచేటప్పుడు అంచు పట్టుకుని మెల్లగా లేవాలి. నేను ఒకసారి టక్కున లేచి కళ్లు బైర్లు కమ్మి తువ్వాలు కడ్డీతో సహా కిందపడ్డాను. బీపీ, గుండె సమస్యలుంటే ఇది అసలు వద్దు, డాక్టర్నడగండి.

బట్టల సంగతి త్వరగా: లేత రంగు, పలచటి బనియన్, మెడ కప్పే టోపీ. సన్‌క్రీమ్ నుదుటికి తక్కువ, మెడకి, చెవులకి, మోకాళ్ల వెనక ఎక్కువ. నుదుటిది చెమటతో కళ్లలోకి దిగుతుంది. బ్రాకెన్‌లోంచి వచ్చాక రాత్రి స్నానం దగ్గర గజ్జలు, మోకాళ్ల వెనక, చంకలు వెతుక్కోండి. ఇక్కడి గొర్రెపిడుదుల్లో కొన్ని లైమ్ జబ్బు మోస్తాయి. కుట్టిన చోట కొన్ని రోజులకో వారాలకో ఎర్రటి వలయం కనిపిస్తే డాక్టర్ దగ్గరకి వెళ్లాలి.

ఎండ కదా అని తప్పనిసరి సామాను మానేద్దామనుకోకండి. హుడ్ ఉన్న వాటర్‌ప్రూఫ్ కోటు, ప్యాంటు, టోపీ, గ్లౌజులు, మ్యాపు, దిక్సూచి, విజిల్, అత్యవసర తిండి. ఆ రోజు ఏది తగ్గించాలన్నది నిర్వాహకులు చెప్పాలి, మనం కాదు. బాగా ఉక్కపోసిన రోజు సాయంత్రానికి ఉరుములతో కుండపోత పడటం ఇక్కడ మామూలే. నీరసించి తడిసిన మనిషికి జులైలో కూడా ఒళ్లు చల్లబడిపోతుంది.

వడదెబ్బ: ఇది చదవకుండా దాటేయకండి

ఒక రేస్‌లో, పేరు అనవసరం, వాగుకి పది గజాల దూరంలో ఒకాయన బండ మీద కూర్చుని సీసా మూత తిప్పుతున్నాడు. బిగించే వైపుకి తిప్పుతున్నాడు. "బాగానే ఉన్నారా" అంటే చిరాగ్గా "ఆఁ, వెళ్లు వెళ్లు" అన్నాడు. ఒంటి మీద చెమట కారుతూనే ఉంది. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకుంటారు చాలామంది. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. చూడాల్సింది చెమటని కాదు, తెలివిని. తడబాటు, తికమక, అకారణ కోపం, తిన్నగా నడవలేకపోవడం. లోపలి ఉష్ణోగ్రత 40 దాటి, తలలో తేడా వచ్చిందంటే ప్రతి నిమిషమూ లెక్కే.

ఆయన్ని ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారని అడిగాను. మేం వచ్చిన వైపే చూపించాడు. నేనూ వెనకాల వచ్చిన ఇంకొకామే కలిసి ఆయన్ని నడిపించి వాగులో పడుకోబెట్టాం. తల నా ఒళ్లో, ఒళ్లంతా నీళ్లలో. ఆవిడ టోపీతో నెత్తిన నీళ్లు పోస్తూనే ఉంది. పది నిమిషాలకి వణుకు మొదలైంది, ఆ తర్వాత నా మొహం చూసి "మీరెవరు?" అన్నాడు. అంతవరకూ ఆయనకి నేనున్నట్టే తెలీదు.

చేయాల్సింది అదే క్రమంలో: ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. ఎంత చల్లటి నీళ్లయితే అంత మంచిది. తెలివి సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. 999కి ఫోన్ చేసి పోలీస్ అడిగి, వాళ్లని మౌంటెన్ రెస్క్యూ కావాలని అడగాలి. వాజ్‌డేల్‌లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, అప్పుడు ఇంకో రన్నర్‌ని దగ్గరి మార్షల్ దగ్గరకి పరిగెత్తించండి. ఎవరి రేసూ దీనికంటే ముఖ్యం కాదు. ఫెల్ రన్నింగ్‌లో అది చెప్పకపోయినా అందరూ పాటిస్తారు.

మీరే ఆపేయాల్సి వస్తే? జలదరింపు, రెండుసార్లు వాంతి, మీ నంబరు మీకు గుర్తురాకపోవడం, ఈ మూడిట్లో ఏది వచ్చినా దిగిపోండి. బ్లాక్ సెయిల్ నుంచి, స్టై హెడ్ నుంచి వాజ్‌డేల్ హెడ్‌కి మంచి దారులున్నాయి. ఏ దారిన దిగినా ముగింపు దగ్గరకి వెళ్లి మీ నంబరు చెప్పి తీరాలి. చెప్పకుండా కారెక్కి ఇంటికెళ్తే, మీకోసం రాత్రంతా కొండల మీద జనం టార్చిలైట్లు పట్టుకుని తిరుగుతారు.

ఇక టైము సంగతి. చల్లటి ఏడాది నా వాజ్‌డేల్ 5 గంటల 40 నిమిషాలు. నా బాగా పరిగెత్తిన ఎండ ఏడాది 6 గంటల 25. శ్రమ రెండిట్లో ఒకటే. మీ త్రీ పీక్స్ దూరం దీనికి దగ్గరే గానీ, అక్కడ ఎక్కుడు చాలా తక్కువ, పరిగెత్తగలిగే దారి చాలా ఎక్కువ, పైగా అది ఏప్రిల్. ఎండ ఉంటే ఆరున్నర అనుకోండి. ఏ చెక్‌పాయింట్ ఎన్ని గంటల్లోపు దాటాలన్న ఈ ఏడాది కటాఫ్‌లు నిర్వాహకుల పేజీలో చూసి, వాటికి ఎంత ముందు ఉండాలో చేతి మీద పెన్నుతో రాసుకోండి. మిగతా అంకెలేవీ వద్దు.

ఎండలో పెద్ద పనులు జరగవని కాదు. ఇదే లోయ గొర్రెల కాపరి జాస్ నేలర్ 1975లో 24 గంటల్లోపే 72 శిఖరాలు తిరిగాడు, అదీ మంచి ఎండలో. కాకపోతే ఆయన ఆ కొండల మీద గొర్రెల వెనక ఏడాది పొడవునా తిరిగిన మనిషి. మనం ఆఫీసులో ఏసీ కింద కూర్చుని వచ్చేవాళ్లం.

పైన చెప్పిన బరువు పరీక్ష ఈ వారాంతంలో చేసి, ముందు ఎంత, తర్వాత ఎంత, మధ్యలో ఎంత తాగారో కింద రాయండి. సీటాలన్, పిల్లర్ మధ్య మీకు ఒక సీసా చాలుతుందా, రెండు కావాలా అన్నది ఆ అంకెలు చూసి చెబుతాను.